దారితో పాటు వేళ కూడా అచ్చువేయండి

సముద్రపు పోటు నీళ్లు ఎక్కి దిగే ఉప్పు చిత్తడి పాయల్లో కయాక్ (చిన్న తెడ్డు పడవ) దారులు గుర్తించి, మ్యాపులు గీసి, పుస్తకాలుగా, యాప్‌లుగా జనానికి అందిస్తున్న మిత్రులకు, ఆ దారుల్లో కొత్తవాళ్లని వెంటబెట్టుకుని వెళ్లే గైడ్లకు, క్లబ్బుల నిర్వాహకులకు నమస్కారం.

మీ పని మీద గౌరవంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. మీరు గీసిన గీతలే లేకపోతే నాలాంటివాళ్లకి ఆ పాయల్లోకి వెళ్లే ధైర్యం ఉండేది కాదు. చెట్టు కొమ్మల్లా చీలిపోయే ఆ నీటిదారుల్లో ఏది ఎక్కడ తేలుతుందో, ఏది గడ్డిలో కలిసి మాయమైపోతుందో సొంతంగా కనుక్కోవాలంటే ఏళ్లు పడుతుంది. ఆ శ్రమంతా మీరు పడ్డారు. కానీ తెలుసుకున్నదాంట్లో సగమే మ్యాపు మీదికి వస్తోంది. ఏ పాయలోంచి వెళ్లాలో చెబుతున్నారు, ఏ వేళకి వెళ్లాలో చెప్పడం లేదు. అడవిలో కాలిబాట పొద్దున ఎక్కడుందో సాయంత్రమూ అక్కడే ఉంటుంది. పోటు నీళ్ల మీద బతికే పాయ అలా ఉండదు. పొద్దున పదకొండుకి నిండుగా ఉన్న దారి మధ్యాహ్నం మూడింటికి బురద గుంట. అందుకే నేను అడిగేది ఒక్కటే. ప్రతి దారికీ దాని వేళని కూడా మ్యాపు మీదే, గీత పక్కనే అచ్చువేయండి.

ఆరేళ్ల కిందట జరిగింది చెబుతాను. నేనూ, నా స్నేహితుడూ ఒక ముద్రించిన మ్యాపు పట్టుకుని రెండు కయాకుల్లో బయలుదేరాం. ఒక దీవి వెనకగా, ఈ చివర రేవు నుంచి ఆ చివర రేవు దాకా 9 కిలోమీటర్ల పాయ. మ్యాపులో ఆ దారి పక్కన 'సులువు, రెండున్నర గంటలు' అని ఉంది. సముద్రపు ఒడ్డున ఆ రోజు పోటు 10 గంటలకి నిండుతుందని ఫోన్‌లో చూసుకున్నాం. 11 గంటలకి నీళ్లలో దిగాం. పాయ అంచుల దాకా నిండి ఉంది, గాలి లేదు, ఎండ మెత్తగా ఉంది. మొదటి అరగంట హాయిగా సాగింది. తర్వాత తెడ్డు బరువెక్కింది. ఎంత వేసినా పక్కనున్న గడ్డి వెనక్కి జరగడం లేదు. నీళ్లు మాకు ఎదురొస్తున్నాయి. గంటా పావులో చేరాల్సిన సగం దూరానికి రెండు గంటల ముప్పావు పట్టింది. అక్కడ కయాక్ అడుగు బురదకి రాసుకున్న చప్పుడు వచ్చింది. తడి గోనెసంచి ఈడ్చినట్టు ఉంటుంది ఆ చప్పుడు. మళ్లీ రెండు తెడ్లు వేశాం, ఇంకొంచెం రాసుకుంది, ఆగిపోయాం.

నా స్నేహితుడు పడవని తోద్దామని ఒక కాలు దించాడు. తొడ దాకా దిగిపోయింది. లాక్కోబోతే రెండో కాలూ వెళ్లింది. పట్టు కోసం పక్కనున్న దిబ్బ మీద చెయ్యి వేశాడు. అది ఆల్చిప్పల దిబ్బ, అరచెయ్యి బ్లేడుతో గీసినట్టు తెగింది. నా కయాక్‌ని అతని పక్కకి అడ్డంగా జరిపి, తెడ్డు బురద మీద పరిచి, అతన్ని దాని మీద పొట్ట ఆనించి పడుకోమన్నాను. ఒక్కో కాలినీ అటూ ఇటూ కొద్దికొద్దిగా కదుపుతూ, బురద పట్టు వదిలేలా చేసి, పైకి తెచ్చుకునేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. అతని ఎడమకాలి బూటు ఇప్పటికీ అక్కడే ఎక్కడో ఉంది. వెచ్చటి ఉప్పునీళ్లలో విబ్రియో అనే బ్యాక్టీరియా ఉంటుందనీ, అలాంటి గాయాల్లోంచి ఒంట్లోకి పోతే ప్రాణం మీదికి తెస్తుందనీ మా ఇద్దరికీ తెలుసు. తాగే నీళ్లన్నీ ఆ గాయం కడగడానికే పోశాం.

ఫోన్ పనిచేసింది, సాయం అడిగాం. కానీ అవతలివాళ్లు మాత్రం ఏం చేస్తారు? మమ్మల్ని తీసుకెళ్లడానికి రావాల్సిన పడవకి కూడా నీళ్లే కావాలి కదా. దిగకండి, పోటు వచ్చేదాకా కదలకుండా కూర్చోండి అన్నారు. అలాగే కూర్చున్నాం. పొద్దు గూకింది, తడిబట్టలు ఒంటికి అంటుకుని వణుకు పుట్టింది. రాత్రి 8 గంటల 40 నిమిషాలకి కయాక్ ముందు కొస కొంచెం పైకి లేచింది. ఆవలి రేవు చేరేసరికి 11 అయింది.

మేం ఇరుక్కున్న చోటు ఎలాంటిదో తర్వాత తెలిసింది. దీవి వెనక పాయకి రెండు నోళ్లుంటాయి. పోటు వచ్చేటప్పుడు నీళ్లు రెండు వైపుల నుంచీ లోపలికి వచ్చి మధ్యలో ఒకచోట కలుస్తాయి. కలిసిన చోట జోరు తగ్గుతుంది కాబట్టి, మోసుకొచ్చిన ఒండ్రు అక్కడే దిగుతుంది. అందుకే పాయ మొత్తంలో మెరక అదే. నీళ్లు తీసేటప్పుడు, అంటే ఆటు వేళ, అక్కడి నుంచే రెండు నోళ్ల వైపుకీ వెళ్లిపోతాయి. అమెరికాలో జార్జియా తీరంలో ఇలాంటి చోట్లని డివైడింగ్స్ అంటారు. కంబర్లాండ్ దీవి వెనకున్న కంబర్లాండ్ డివైడింగ్స్ దగ్గర పెద్ద పడవలవాళ్లు కూడా లోతు చూసుకుంటూ వెళ్తారు. ఈ ఒక్క సంగతి తెలిస్తే దారి ఎలా వెళ్లాలో దానంతటదే అర్థమవుతుంది. పోటుతో పాటు లోపలికి వెళ్లి, నిండే వేళకి కలిసేచోటు దాటేసి, నీళ్లు తీస్తుంటే వాటితో పాటే ఆవలి నోటి వైపు దిగిపోవాలి. అప్పుడు తొమ్మిది కిలోమీటర్లూ నీళ్లే మోస్తాయి. మేం తెలియక సరిగ్గా తిరగేసి చేశాం. మొదటి సగం ఎదురీది, మెరక చోటికి నీళ్లు పోయాక చేరాం. మ్యాపులో గీత తప్పులేదు. ఆ గీతకి ఏ వేళ సరిపోతుందో మాత్రం ఎక్కడా లేదు.

ఆ మ్యాపు వేసినవాళ్లకి ఉత్తరం రాశాను. చివరి పేజీలో 'టైడ్ (ఆటుపోట్ల వేళ) చూసుకుని వెళ్లండి' అని రాశాం కదా అని జవాబు వచ్చింది. నిజమే, ఉంది. మీలో చాలామంది మ్యాపుల్లోనూ ఆ మాట ఉంటుంది. అది ఎందుకు చాలదో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా బాధంతా అక్కడే ఉంది.

టైడ్ చూసుకోమంటే ఎక్కడి టైడ్ చూసుకోవాలి? ఫోన్‌లో కనిపించే వేళ సాధారణంగా తీరంలోనో, పెద్ద రేవులోనో ఉన్న, పోటు కొలిచే స్టేషన్‌ది. పాయలోకి వెళ్లేకొద్దీ పోటు ఆలస్యంగా నిండుతుంది, కొన్నిచోట్ల గంట, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. ఆటుపోట్ల పట్టికల్లో పెద్ద స్టేషన్ల కింద చిన్న స్టేషన్లకి ఎన్ని నిమిషాలు కలపాలో, తీసేయాలో ఇస్తారు. కానీ మనం వెళ్లే చిన్న పాయకి ఆ పట్టికలో పేరు కూడా ఉండదు. దాని తేడా తెలిసేది అక్కడ తెడ్డు వేసినవాళ్లకే, అంటే మీకే. ఎత్తు సంగతీ అంతే. పట్టికలో 1.6 మీటర్లు అని ఉంటే అది ఒక ఆధార మట్టం నుంచి కొలిచింది. అమెరికా పట్టికల్లో ఆ మట్టం రోజులో ఎక్కువగా తగ్గే నీటిమట్టాలకి 19 ఏళ్లు తీసిన సగటు, బ్రిటన్‌లో లెక్క ప్రకారం నీళ్లు అన్నింటికన్నా ఎక్కువ తగ్గగల మట్టం. పాయ మధ్యలో ఉన్న మెరక ఆ మట్టానికి ఎంత పైనుందో పట్టిక చెప్పదు. గడియారం దగ్గరా చిక్కు ఉంది. బ్రిటన్‌లో నావికుల కోసం వేసే అడ్మిరాల్టీ పట్టికలు గ్రీనిచ్ కాలంలో ఉంటాయి, వేసవిలో గంట కలుపుకోవాలి. ఆ కలపడం మరిచిపోతే ఎంత తేడా వస్తుందో చూడండి.

రోజుకి రెండు పోట్లు వచ్చేచోట, పోటు నిండిన దగ్గర్నుంచి నీళ్లు పూర్తిగా తీసేదాకా సుమారు 6 గంటలు. నావికులు వాడే పన్నెండో వంతుల లెక్క ప్రకారం మొదటి గంటలో పన్నెండింట ఒక వంతు, రెండో గంటలో రెండు, మూడు నాలుగు గంటల్లో మూడేసి వంతులు, ఐదో గంటలో రెండు, ఆఖరి గంటలో ఒకటి దిగుతాయి. ఎత్తు తేడా 2 మీటర్లు అనుకుంటే మొదటి గంటలో దిగేది 17 సెంటీమీటర్లే. చూసేవాడికి ఏమీ తగ్గినట్టే అనిపించదు. మూడో గంటలో అరమీటరు పోతుంది. కయాక్ తేలడానికి ఓ 15 సెంటీమీటర్లు కావాలి. మూడో గంటలో ఆ 15 సెంటీమీటర్లు 18 నిమిషాల్లో కరిగిపోతాయి. ఫోటోలు తీసుకుంటూ ఒక వంపు దగ్గర ఆగినంతసేపు అది.

పైగా ఆ లెక్క విశాలమైన సముద్రపు నీటికి వేసింది. చిత్తడి పాయల్లో ఇంకో సంగతి ఉంది. పోటు పెద్దదైతే నీళ్లు పాయ గట్టు దాటి గడ్డి మీదికి పరుచుకుంటాయి. తిరిగి తీసేటప్పుడు అంత విశాలంగా పరుచుకున్న నీళ్లన్నీ ఆ సన్నటి పాయల్లోకే దిగాలి. అందుకే నీటిమట్టం గట్టు అంచుకి వచ్చే వేళ ఒక్కసారిగా జోరు పెరుగుతుంది. సెకనుకి మీటరు చొప్పున పారితే అది గంటకి 3.6 కిలోమీటర్లు. మామూలు మనిషి తెడ్డు వేసే వేగం గంటకి 5 కిలోమీటర్లు. మిగిలింది ఎంతో మీరే చూడండి. ఆ రోజు గడ్డి ఎందుకు కదల్లేదో నాకు అప్పుడు అర్థమైంది.

ఒక చోట సరిపోయిన వేళ ఇంకోచోటికి పనికిరాదు. జార్జియా తీరంలో రోజుకి రెండు పోట్లు, మామూలు రోజుల్లోనే 2 మీటర్లకి పైన తేడా. లూయిజియానా చిత్తడి నేలల్లో ఎక్కువచోట్ల రోజుకి ఒకటే పోటు, అదీ అడుగు ఎత్తు మాత్రమే. అక్కడ చంద్రుడికన్నా గాలే పెద్ద, ఉత్తరపు గాలి గట్టిగా వీస్తే పాయలు ఖాళీ అయిపోతాయి. ఫ్లోరిడా బిగ్ బెండ్ దగ్గర 105 మైళ్ల కయాక్ దారి ఉంది, దాని పొడవునా తీరం ఎంత చదునంటే నీళ్లు కొద్దిగా తగ్గినా బురద, ఆల్చిప్పల దిబ్బలు చాలా దూరం బయటపడతాయి. ఎక్కడైనా సరే, గాలి పీడనం ఒక హెక్టోపాస్కల్ పెరిగితే నీటిమట్టం సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతుంది. ఆకాశం నిర్మలంగా, ఎండ కాస్తూ, కయాక్‌కి రమ్మని పిలుస్తున్నట్టుండే రోజు పీడనం ఎక్కువుండే రోజు కూడా. పట్టిక చెప్పిన ఎత్తుకి ఆ రోజు నీళ్లు రాకపోవచ్చు. ఈ తేడాలన్నీ వాడేవాళ్లు సొంతంగా లెక్కగట్టుకోవాలంటే ఎలా?

ఇప్పుడు యాప్‌లు నడిపేవాళ్లకి ఒక మాట. ఎవరో వెళ్లొచ్చిన జీపీఎస్ ట్రాక్‌ని అలాగే దారిగా పెట్టేస్తున్నారు. పౌర్ణమి పోటు నాడు ఆ మనిషి గడ్డి మీదుగా తిన్నగా వెళ్లిపోయి ఉంటాడు. తర్వాతి వారం, అష్టమి దగ్గర, పోట్లు చిన్నవిగా ఉన్నప్పుడు అదే ట్రాక్ పట్టుకుని వచ్చినవాళ్లకి మనిషెత్తు గడ్డి గోడ ఎదురవుతుంది. వెనకున్న ఉపగ్రహ చిత్రం కూడా ఏ నీటిమట్టంలో తీసిందో ఎవరికీ తెలియదు. ట్రాక్ నమోదైన తేదీ మీ దగ్గర ఉంది, ఆ రోజు పోటు ఎత్తు లెక్కగట్టడానికి కావాల్సినవీ ఉన్నాయి. గీత రంగు పక్కన ఆ రెండూ చూపించడం పెద్ద పనేం కాదు.

గడ్డి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. వేళ తప్పినవాళ్లే అడ్డదారి వెతుకుతారు. టెన్షన్‌లో ఉన్న మనిషి ఎక్కడ ఒడ్డు కనిపిస్తే అక్కడ ఎక్కుతాడు, కయాక్‌ని గడ్డి మీదుగా ఈడుస్తాడు. అమెరికా ఈశాన్య తీరంలోనైతే ఆ గడ్డిలో సాల్ట్‌మార్ష్ స్పారో అనే చిన్న పిట్ట నేలకి కొన్ని అంగుళాల ఎత్తులో గూడు అల్లుకుంటుంది. రెండు పెద్ద పోట్ల మధ్య దొరికే నాలుగు వారాల లోపే గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలు గడ్డి ఎక్కగలిగేదాకా పెంచాలి. ఆ పిట్టకి పోటు వేళ తప్పితే గూడు మునుగుతుంది. మన వేళ తప్పినప్పుడు దాని గూడు తొక్కకూడదు. సముద్రమట్టం పెరిగి అసలే గూళ్లు మునిగిపోతున్నాయి, ఏటేటా వాటి సంఖ్య పడిపోతోంది. దయచేసి మ్యాపు మీద దిగదగిన చోట్లని, అంటే ఆటు వేళ కూడా గట్టి నేల ఉండే చోట్లని, వేరే గుర్తుతో చూపించండి. అలాంటి చోటు మైళ్ల పొడవునా లేకపోతే, లేదని పెద్ద అక్షరాలతో రాయండి. లేదని తెలియడం కూడా అవసరమే.

ఇవన్నీ రాస్తే జనం భయపడి రావడం మానేస్తారని మీలో ఒకరు నాతో అన్నారు. నేను ఒప్పుకోను. సరైన వేళకి వెళ్లినవాడికి ఆ పాయ చూపించేది వేరు. నీళ్లు తగ్గి ఉన్నప్పుడు వెళ్తే రెండు పక్కలా బురద గోడలు, తల ఎత్తినా ఆకాశం తప్ప ఏమీ కనిపించదు, ప్రతి వంపూ ముందు వంపులాగే ఉంటుంది, దారి తప్పడం కూడా అప్పుడే. అదే పాయ నిండే వేళకి మనిషిని పైకి ఎత్తి గడ్డి కొసల మీదుగా ఊరంత మైదానాన్ని చూపిస్తుంది. ఒకసారి పోటు ఎక్కుతుండగా తెడ్డు పక్కన పెట్టి ఒక గడ్డికాడని చూస్తూ కూర్చున్నాను. దాని మీద చిటికెనవేలి గోరంత పెరివింకిల్ నత్తలు ఐదున్నాయి. నీళ్లు ఒక వేలెడు పెరిగితే అవీ ఒక వేలెడు పైకి జరుగుతున్నాయి. నీళ్లతో పాటు వచ్చే నీలి పీతలకి దొరక్కుండా ఉండడానికి వాటికి తెలిసిన ఉపాయం అది. కింద బురదలో ఒంటి పెద్ద కొండితో తిరిగే ఫిడ్లర్ పీతలు అప్పటికే కన్నాల్లోకి దూరి, మట్టితో మూత పెట్టుకుంటున్నాయి. అన్ని నత్తలూ కాడ కొసకి చేరి ఆగిపోయాయి. గడ్డి ఒక పక్కకి వాలడం మానేసి నిటారుగా నిలబడింది. నీటి మీద తేలే నురగ ఎటూ పోకుండా ఉన్నచోటే నెమ్మదిగా తిరిగింది. పాయ నిండింది. గడియారం చూశాను, తీరం పట్టికలో ఉన్న వేళ దాటి 58 నిమిషాలైంది.

గైడ్లకీ ఇదే చెప్పాలని ఉంది. కొత్తవాళ్లకి తెడ్డు పట్టుకోవడం, బోల్తా పడితే తిరిగి ఎక్కడం చక్కగా నేర్పుతున్నారు. నేల మీద ఉండగానే ఆ రోజు పట్టిక వాళ్ల చేతికిచ్చి, రెండు పోట్లు కలిసేచోటుని మనం ఎన్నింటికి దాటాలి, ఎన్నింటికి దాటలేకపోతే వెనక్కి తిరగాలి అని వాళ్లతోనే లెక్క కట్టించండి. రేపు మీరు లేకుండా వెళ్లినప్పుడు వాళ్లకి అక్కరకొచ్చేది అదే. అలాగే ఇరుక్కుంటే పడవ దిగకూడదని, దిగాల్సి వస్తే బరువంతా పరిచి పడుకోవాలని ఒక్కసారి చేసి చూపించండి.

మీకు కొత్తగా సర్వే చేయాల్సిన పనేమీ లేదు. ప్రతి దారినీ మీరు ఎప్పుడో ఒకప్పుడు స్వయంగా వెళ్లే ఉంటారు. ఇంకో రెండుసార్లు, ఒకటి అమావాస్యకో పౌర్ణమికో దగ్గరగా, ఇంకోటి అష్టమి అటూ ఇటూగా, గడియారం చూసుకుంటూ వెళ్తే చాలు. నేను ఇరుక్కున్న ఆ 9 కిలోమీటర్ల పాయకి అలా వెళ్లి రాసుకున్నదాన్ని కింద ఇస్తున్నాను. అచ్చులో నాలుగైదు వరుసలకి మించదు. ఎవరి మ్యాపులోనైనా వాడుకోండి, నా పేరు అక్కర్లేదు. ఆవలి రేవు నుంచి ఇవతలికి రావడానికి మాత్రం ఇంకా కొలవలేదు, వచ్చే అమావాస్యకి వెళ్తున్నాను. మీలో ఎవరైనా గడియారం పట్టుకుని తోడు వస్తే సంతోషం.

"ఇవతలి రేవు నుంచి ఆవలి రేవుకి. పాయ మధ్యలో పోటు నిండేది తీరం స్టేషన్ వేళకి 1 గంట తర్వాత. బయలుదేరాల్సింది తీరం వేళకి అరగంట ముందు నుంచి ఆ వేళ దాకా, అది దాటితే ఆ రోజుకి వద్దు. రెండు పోట్లు కలిసేచోటు నాలుగున్నర కిలోమీటర్ల దగ్గర, తీరం వేళకి గంటన్నర తర్వాతి లోపు దాటాలి, దాటలేకపోతే వచ్చిన దారినే వెనక్కి తిరగాలి. తీరం పట్టికలో పోటు ఎత్తు 1.8 మీటర్లకి తగ్గిన రోజుల్లో వెళ్లొద్దు. రెండు రేవుల మధ్య దిగడానికి గట్టి నేల లేదు."

ఇట్లు,
ఆ పాయల్లో తిరిగే ఒక కయాకర్